వైద్యపరిశోధన – ఫలము, మూల్యము : హైదరాబాదు తూర్పుదారి చెప్పు చరిత్ర

మూసీనదికి ఉత్తరపు గట్టున కోఠి యందు పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము కలదు. అచ్చట బయలుదేరి చాదరుఘాటు వంతెనను దాటి, మలకుపేట, మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేటల మీదుగ ఎల్.బి.నగరు చేరు మార్గమును నగరపు తూర్పుదారి యనవచ్చును. గోలకొండ సుల్తానుల కాలమున వజ్రములును వస్త్రములును బందరు రేవునకు సాగిన బాట ఈ దిక్కుననే పోయెను. హయాతు బక్షీ బేగము పేర వెలసిన హయాతునగరు ఆ బాట మీది మజిలీయే. నేడు ఆ దారికి ఎగువన మెట్రో రైలు నడచుచున్నది. అమీరుపేట నుండి ఎల్.బి.నగరు వరకు అది 2018 సెప్టెంబరు 24న ప్రారంభమయ్యెను. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, విజయవాడల నుండి బస్సులలో వచ్చు రోగులలో పెక్కురు నగరమున మొదట దిగునది ఎల్.బి.నగరుననే. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగుటకై జిల్లాల నుండి వచ్చు యువకులలో పెక్కురు గదులు వెదకికొనునది దిల్‌సుఖ్‌నగరు సందులలోనే.

ఈ దారిని పోవువానికి గోడల మీద మాటిమాటికి కనబడు మాట 'పరీక్ష'. ఒక పలక మీద అది పోటీపరీక్ష. ప్రక్క పలక మీద అది రక్తపరీక్ష. ఈ మాటకు మూడవ అర్థ మొకటి కలదు, అది ఔషధపరీక్ష. మొదటిదానిలో పరీక్షింపబడునది విద్యార్థి తెలివి. రెండవదానిలో పరీక్షింపబడునది రోగి దేహము. ఆ పరీక్ష ఆ రోగి మేలు కొరకే. మూడవదానిలో పరీక్షింపబడునది మందు; దేహము దానికి గీటురాయి మాత్రమే. బంగారమును గీచి చూచునపుడు రాయికి కలుగు లాభమేమి, నష్టమేమి యను ప్రశ్న కంసాలికి తోచదు. వైద్యశాస్త్రమునకు మాత్రము ఆ ప్రశ్న తోచక తీరదు. ఏలన, ఇచ్చటి గీటురాయి మనుష్యుడు.

ఆధునిక వైద్యపరిశోధన మానవజాతికి చేసిన మేలు ఇంతంత యని చెప్పరానిది. ఆ మేలునకు చెల్లిన మూల్య మెంత, దానిని చెల్లించిన వారెవరు అను లెక్క మాత్రము మన భాషలో అరుదుగ వ్రాయబడినది. తూర్పుదారికి సంబంధించిన కొన్ని ఘట్టములను వరుసగ పరిశీలించి ఆ లెక్కకు ఒక ఆరంభము చేయుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

క్లోరోఫారము విచారణ

దారి మొదలైన చోటనే మొదటి ఘట్టము కూడ మొదలగుచున్నది. హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో స్థాపితమయ్యెను. ఆదిలో అచ్చట బోధన ఉర్దూ భాషలో సాగెను. తరువాత రెసిడెన్సీ సర్జనుగ వచ్చిన ఎడ్వర్డు లారీ ఆ పాఠశాలకు అధిపతి యయ్యెను. అతని కాలమున బోధనాభాష ఆంగ్లమయ్యెను. లారీ ఎడింబరో సంప్రదాయమున శస్త్రవైద్యము నేర్చినవాడు. క్లోరోఫారము ఇచ్చినపుడు అప్పుడప్పుడు రోగులు శస్త్రబల్ల మీదనే మరణించుచుండిరి. ఆ మరణమునకు హేతువు గుండె ఆగుటయా, ఊపిరి ఆగుటయా యను వాదము అప్పటికి నలుబది ఏండ్లుగ నడచుచుండెను. గుండెయే మొదట ఆగునని లండను వైద్యులలో పలువురు నమ్మిరి. ఊపిరియే మొదట ఆగునని, కావున వైద్యుడు ఊపిరిని కనిపెట్టియుండిన చాలునని ఎడింబరో పక్షము వాదించెను.

ఈ వాదమును తేల్చుటకై 1888లో హైదరాబాదున మొదటి విచారణ సంఘము ఏర్పడెను. దాని నిర్ణయమును 'లాన్సెట్' పత్రిక అంగీకరింపలేదు. అంతట ఆరవ నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనుల ధనమిచ్చి, ఆ పత్రికయే ఒక ప్రతినిధిని పంపవలసినదిగ కోరెను. 1889లో లండను నుండి లాడరు బ్రంటను హైదరాబాదు వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు మున్నగు నాలుగువందలకు పైబడిన జంతువుల మీద ప్రయోగములు జరిగెను. లండనులో లారీ పక్షమును కాదనుచు వచ్చిన బ్రంటను సైతము హైదరాబాదున తన అభిప్రాయమును మార్చుకొనెను. ఊపిరియే మొదట ఆగునని రెండవ సంఘమును తీర్మానించెను. ఆ కాలమున ఈ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తరువాత పెక్కు సంవత్సరములు హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు మత్తుమందు ఇచ్చుచు, ప్రపంచమున ఆ వృత్తిని చేపట్టిన తొలి స్త్రీలలో ఒకరుగ పేరొందెను.

కథ ఇచ్చట ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ యను ఆంగ్ల వైద్యుడు, తేలికగ మత్తు కలిగిన దశలో క్లోరోఫారము గుండె జఠరికలకు ఒక విధమగు కంపమును పుట్టించి హఠాత్తుగ ప్రాణము తీయగలదని పిల్లుల మీది ప్రయోగములతో నిరూపించెను. హైదరాబాదు తీర్మానము సగమే నిజము. రాజు ధనమును, వందల జంతువుల ప్రాణములును, ప్రసిద్ధుడగు పండితుని సాక్ష్యమును దానికి బలముగ నిలిచినవి. ఐనను గుండెను గూర్చిన భాగము తప్పిపోయెను. ఇందు గ్రహింపవలసిన దేమన, పరిశోధనకు మూల్యము ప్రయోగశాలలో తీరిపోదు. నిశ్చయముగ తేలక మునుపే 'తేలినది' యని చెప్పబడిన ప్రతి మాటకు తరువాత శస్త్రబల్ల మీద పరుండువాడు బాకీ తీర్చవలసియుండును.

హుస్సేనుఖాను అణాలు

రెండవ ఘట్టము నగరమున మఱియొక దిక్కున జరిగినను మన విషయమునకు ఆవశ్యకము. రోనాల్డు రాసు సికిందరాబాదున సైనిక వైద్యుడుగ నుండి, 1897 ఆగష్టు 20న బేగంపేటలో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో అతనికి నోబెలు బహుమానము లభించెను. ఆ దోమ త్రాగిన రక్తము హుస్సేనుఖాను అను చలిజ్వర రోగిది. దోమతెరలో పరుండి దోమలచే కుట్టించుకొనుటకు అతడు ఒప్పుకొనెను. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున రాసు అతనికి చెల్లించెను.

ఈ బేరము అన్యాయమని గాని, న్యాయమని గాని తొందరపడి చెప్పరాదు. హుస్సేనుఖానుకు జ్వరము అప్పటికే కలదు. దోమకాటు వలన అతనికి క్రొత్తగ కలిగిన కీడు స్వల్పము. ఆ కొలది అణాల రక్తము నుండి ప్రపంచమునకు కలిగిన మేలు మాత్రము అపారము. మలేరియా చెడుగాలి వలన గాక దోమ వలన కలుగునని తెలిసిన తరువాతనే మురుగునీటిని తొలగించుట, దోమతెరలు కట్టుట శాస్త్రబద్ధమైన చర్యలయ్యెను. ఐనను ఒక విషయము గమనింపదగినది. రాసు ఆలోచనలు అతని లేఖలలోను, గ్రంథములలోను నిలిచినవి. హుస్సేనుఖాను ఏమి తెలిసి ఒప్పుకొనెనో అతని మాటలలో నిలువలేదు. పరిశోధన చరిత్రలో రోగి పేరు దొరకుటయే అరుదు. ఇచ్చట పేరు దొరకినది కాని స్వరము దొరకలేదు.

భీమవరము నుండి బోస్టను వరకు

మన తెలుగువారిలో ఈ విద్యకు శిఖరము యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతి యయ్యెను. యౌవనమున అతని సోదరులిద్దరు స్ప్రూ అను సంగ్రహణి వంటి వ్యాధితో స్వల్పకాలము తేడాలో మరణించిరి. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలికామ్లమును 1945లో అతని బృందమే ప్రయోగశాలలో తయారుచేసెను. బోదకాలునకు కారణమైన క్రిములను చంపు డైఇథైల్‌కార్బమజైను కూడ ఆ శాలలోనే వెలువడెను. తెలుగుదేశపు కోస్తా గ్రామములలో దశాబ్దములుగ పంచబడిన బోదకాలు మాత్ర అదియే.

ఫోలికామ్లపు కథలో ఫలమును మూల్యమును పెనవైచుకొనియున్నవి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన బాలురకు మొదట ఫోలికామ్ల సంబంధమగు పదార్థములను ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగ వేగిరపడెను. ఆ కీడు నుండియే అతనికి క్రొత్త ఆలోచన కలిగెను: ఫోలికామ్లము వ్యాధిని పెంచునేని, దానికి ఎదురు పనిచేయు పదార్థము వ్యాధిని అణచవలెను గదా! అట్టి పదార్థమగు అమినోప్టెరినును సుబ్బారావు బృందము తయారుచేసి పంపెను. 1948లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము 16 మంది బాలురలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము కొలది నెలలే నిలిచెను. ఆ సంవత్సరమే ఆగష్టులో సుబ్బారావు మరణించెను. అతని శాలనుండి వచ్చిన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరు చికిత్సలోను, కీళ్లవాత చికిత్సలోను వాడబడుచున్నది. బాలుర రక్తక్యాన్సరు అప్పుడు తప్పని మరణము. నేడు మంచి చికిత్స అందిన దేశములలో అట్టి బాలురలో అత్యధికులు బ్రదుకుచున్నారు.

ఈ ఫలమును అనుభవించినది తరువాతి బాలురు. మూల్యమును చెల్లించినది మొదటి బాలురు. ఆ మొదటివారికి వేరు చికిత్స లేకుండుటచే ఫార్బరు ప్రయత్నము సమర్థనీయమని పెక్కురు తలంతురు. మేమును అట్లే తలంచుచున్నాము. కాని చెల్లించువాడొకడు, అనుభవించువా డింకొకడు అను ఈ వ్యత్యాసము వైద్యపరిశోధనకు స్వభావసిద్ధమైనది. చెట్టు నాటిన తాత పండు తినడు. ఐనను తాత తెలిసియే నాటును. రోగికి ఆ తెలివిడి కలదా లేదా యనునదే ప్రశ్న.

నల్లగొండ నీరు

ఎల్.బి.నగరు కూడలి నుండి ఒక శాఖ నాగార్జునసాగరు వైపు చీలి నల్లగొండ జిల్లాలోనికి పోవును. ఆ జిల్లా పేరు వైద్యగ్రంథములలో ఫ్లోరైడు వ్యాధితో ముడిపడియున్నది. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును. ఎముకలు గట్టిపడి వంగును. నడుము తిరుగదు, మెడ వంగదు.

1937లో మదరాసు రాజధానియందలి నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ వ్యాధి శాస్త్రీయముగ వర్ణింపబడెను. అనంతరము నల్లగొండ గ్రామములు పరిశోధకులకు నిత్యక్షేత్రములయ్యెను. 1918లో కూనూరున బెరిబెరి విచారణగ పుట్టి 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున విలువైన కృషి చేసెను. మోకాళ్లు లోనికి వంగి ఒరసికొను వికృతిని దాని శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు వివరించిరి. పటికయు సున్నమును కలిపి నీటి నుండి ఫ్లోరైడును దింపు పద్ధతిని నాగపూరు పరిశోధన సంస్థ రూపొందించెను. దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరిడిరి. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశముల వరకు ఆ పేరు వ్యాపించెను.

పేరు ఖండాంతరములకు చేరినను, శుభ్రమైన నీరు నల్లగొండ గడపకు చేరుట చాల ఆలస్యమయ్యెను. కృష్ణానీటిని ఇంటింటికి తెచ్చు పథకమునకు 2015 జూనులో ఈ తూర్పుదారి మీదనే చౌటుప్పలున పైలాను ఆవిష్కరించిరి. తరువాత అది మిషను భగీరథ యను పేర సాగెను. 1937 నుండి లెక్కించిన 78 ఏండ్లు. ఈ నడుమ మూడు తరముల బిడ్డలు నిలువబడి కొలతలిచ్చిరి, ఎముకల ఫోటోలు తీయించుకొనిరి, రక్తమును మూత్రమును సమర్పించిరి. పరిశోధన తప్పు చేయలేదు. హేతువును సరిగనే కనుగొనెను. కాని కనుగొనుట వేరు, కడతేర్చుట వేరు. పరిశోధింపబడిన ప్రజకు ఆ పరిశోధన ఫలము దక్కకుండుట కూడ మూల్యములలో ఒకటియని నల్లగొండ చెప్పుచున్నది.

ఖమ్మము బాలికలు

ఇదే దారిని సూర్యాపేట దాక పోయి ఎడమకు తిరిగిన ఖమ్మము, ఆపై భద్రాచలము. 2009 జూలైలో నాటి ఖమ్మము జిల్లాలోని మూడు మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకా వేయుట ఆరంభమయ్యెను. అమెరికా సంస్థయగు పాథ్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపినవి. సుమారు 14,000 మంది బాలికలు, వారిలో పెక్కురు గిరిజనులు, సంక్షేమ వసతిగృహములలో చదువుకొనువారు. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టి కార్యక్రమమే జరిగెను. రెండు చోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించిన వార్త వెలువడగా, 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము దీనిని నిలిపివేసెను.

విచారణ సంఘము ఆ మరణములను పరిశీలించి, నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు, జ్వరములు మొదలగు కారణములను పేర్కొని, టీకాకు వాటితో సంబంధము కనబడదని తెలిపెను. ఈ మాటను దాచుట న్యాయము కాదు. టీకా స్వతహాగ మంచిదే. ఆ క్యాన్సరును అది నివారించునని పెక్కు దేశముల అనుభవము స్థిరపరచెను. కాని అదే విచారణలో అంగీకార పత్రముల సంగతి బయటపడెను. ఆంధ్రప్రదేశమున పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రముల మీద సంతకము చేసినది వసతిగృహముల వార్డెనులు. తల్లిదండ్రులు అడవి పల్లెలలో నుండగా, బిడ్డ దేహమును గూర్చిన నిర్ణయము కార్యాలయపు దస్త్రమున జరిగిపోయెను. 2013 ఆగష్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో దీనిని తీవ్రముగ గర్హించెను.

వాదమంతయు ఒక మాట చుట్టును తిరిగినదని భాషాధ్యయనము చేయువారు గమనింపవలెను. నడిపినవారు దీనిని 'ప్రదర్శన కార్యక్రమ'మనిరి. అనగా టీకా గుణము అప్పటికే తెలిసినది, దానిని గ్రామములకు ఎట్లు చేర్చవలెనో చూపుటయే పని. స్థాయీసంఘము ఇది ఔషధపరీక్షయే యనెను. ఔషధపరీక్ష యైనచో రక్షణ నియమములన్నియు వర్తించును, హాని కలిగిన బాధ్యత యుండును. ప్రదర్శన యైనచో ఆ కట్టుబాటు సడలును. పేరు మారగనే హక్కు మారుట యిందు విశేషము. బాలికల తల్లులకు ఈ రెండు పేర్లలో ఏదియు వినబడలేదు. వారికి వినబడినది 'టీకా' మాత్రమే. మన పండితులకు టీకా యన గ్రంథమునకు వ్యాఖ్య. జనులకు టీకా యన రోగము రాకుండ వేయు సూది. ఖమ్మమున సూదియగు టీకా పడినది కాని, దానికి వ్యాఖ్యయగు టీకా చెప్పువారు కరవైరి.

మూల్యము బాలికలతో ఆగలేదు. అపనమ్మకము పుట్టెను. మంచి టీకాను గూర్చి సైతము తల్లులు శంకించు స్థితి ఏర్పడెను. అంగీకారము లేని పరిశోధన తన ఫలమును తానే చెరుపుకొనునని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

గదులలోని యువకులు

మఱి దిల్‌సుఖ్‌నగరు సంగతి యేమి? హైదరాబాదు మందుల పరిశ్రమకు రాజధాని. 1960ల దశాబ్దమున ఐ.డి.పి.ఎల్. కర్మాగారముతో నాటుకొనిన ఈ వృత్తి, తరువాత ప్రైవేటు కంపెనీలతో మహావృక్షమయ్యెను. పేటెంటు గడువు తీరిన మందును చవకగ తయారుచేసి ప్రపంచమునకు పంపుట వీరి ప్రధాన వ్యాపారము. అట్టి మందు అసలు మందుతో సమానమని నిరూపింపవలెను. అందుకై ఆరోగ్యవంతులను ఒకటి రెండు రాత్రులు ఒకచోట ఉంచి, మాత్ర నిచ్చి, గంటగంటకు రక్తము తీసి, అందు మందు ఎంత చేరినదో కొలుతురు. కొన్ని దినముల విరామము తరువాత రెండవ మాత్రతో అదే పని. దీని వలన పేదవానికి మందు చవకగ దొరకును. ఇది నిక్కమైన మేలు.

ఈ పరీక్షకు రోగి అక్కరలేదు. ఆరోగ్యము కలిగి ధనము లేనివాడు కావలెను. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలు కొందరు డబ్బు కొరకు హైదరాబాదు వచ్చి ఇట్టి పరీక్షలలో పాల్గొని అస్వస్థత పాలైరని పత్రికలు వ్రాయగా, విచారణ జరిగి, ఆ సంస్థ అనుమతిని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి తాత్కాలికముగ నిలిపివేసెను. నోటిఫికేషను కొరకు ఏండ్లు ఎదురుచూచుచు, గది అద్దెకు ఇంటి నుండి డబ్బు అడుగుటకు సిగ్గుపడు యువకునకు అట్టి పిలుపు వచ్చిన ఎట్లుండునో ఊహించుట కష్టము కాదు. ధనమిచ్చుట నేరము కాదు. పోయిన దినమునకు, పడిన శ్రమకు ప్రతిఫలము న్యాయమే. కాని ఆశ పెరిగిన కొలది ప్రశ్న తగ్గును. ఒకచోట పాల్గొని విరామము తీరక మునుపే మఱియొకచోట పేరు వ్రాయించుకొనువానికి కీడును, పరిశోధనకు అబద్ధపు లెక్కయు కలుగును. హుస్సేనుఖాను అణా నేడు వేలరూపాయలైనది. అతడు ఏమి తెలిసి ఒప్పుకొనెను అను ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది.

కోవిడు కాలమున ఈ ప్రశ్న అందరి గడపకు వచ్చెను. హైదరాబాదున భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జినునకు 2020 జూలైలో నిమ్సు మున్నగు ఆసుపత్రులలో మానవపరీక్షలు ఆరంభమయ్యెను. 25,800 మంది పాల్గొనిన మూడవదశ ఫలితములు రాకముందే, 2021 జనవరి 3న 'క్లినికల్ ట్రయల్ పద్ధతి'లో వాడవలెనను షరతుతో అనుమతి లభించెను. ఆ షరతు మార్చిలో తొలగెను. నడుమ రెండు నెలలు టీకా వేయించుకొనువారు అంగీకార పత్రము మీద సంతకము చేసిరి. తరువాత వెలువడిన ఫలితము 77.8 శాతము రక్షణ. ఫలము మంచిదే. కాని వరుసలో నిలిచినవానికి తాను వైద్యము పొందుచున్నాడో, పరీక్షలో పాల్గొనుచున్నాడో స్పష్టముగ తెలియని స్థితి అది.

భాష చేయవలసిన పని

చట్టము కొంత మేలుకొన్నది. ఔషధపరీక్షలను ముందుగ బహిరంగ పట్టికలో నమోదుచేయుట 2009 జూను నుండి తప్పనిసరి యయ్యెను. పరీక్ష వలన హాని కలిగినవారికి చికిత్స, నష్టపరిహారము ఇయ్యవలెనను నియమము 2013లో వచ్చెను. 2019 నియమములు వీటిని ఒకచోట కూర్చినవి. పాల్గొనువానికి అర్థమగు భాషలో వివరము చెప్పవలెను. చదువరాని వానికి నిష్పక్షపాతియగు సాక్షి ఉండవలెను. నైతిక సంఘమున వైద్యేతరులును, సామాన్యుడును ఉండవలెను.

'అర్థమగు భాష' యను ఆ రెండు మాటలలోనే మన శాఖల బాధ్యత ఇమిడియున్నది. ఆంగ్లపత్రమును నిఘంటువు చూచి సంస్కృత సమాసములలోనికి దింపిన అది తెలుగులిపి యగును గాని తెలుగు కాదు. 'యాదృచ్ఛిక కేటాయింపు' అనిన సూర్యాపేట రైతుకు ఏమి తెలియును? 'నీకు ఏ మందు వచ్చునో చీటీ వేసి తేల్తురు; వైద్యుడు ఎంచడు' అనిన వెంటనే తెలియును. 'నిష్క్రియ గుళిక' యనుట కన్న 'మందు లేని మాత్ర' యనుట మేలు. 'పరీక్ష' యని ఊరకుండక, 'మందు పనిచేయునో లేదో ఇంకను తెలియదు. నీ మీద వాడి చూతుము. నీకు మేలు కలుగకపోవచ్చును. నడుమ మానుకొనిన నీ వైద్యము ఆగదు' అని విడదీసి చెప్పవలెను. 'మందు పెట్టుట' యనిన మన పల్లెలలో తెలియకుండ తినిపించి వశపరచుకొనుట యను భయపు టర్థము కలదు. ఆ నుడిని సృష్టించిన జనులు అంగీకార సూత్రమును మనకన్న ముందే ఎఱుగుదురని చెప్పవచ్చును: తెలియకుండ ఇచ్చినది మేలు కొరకైనను కీడుగనే తోచును.

ఇట్టి భాషను వైద్యుడొక్కడే తీర్చిదిద్దలేడు. నిజాము కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును సైతము ఉర్దూలో బోధించి, దేశభాషలో శాస్త్రము సాధ్యమని చూపెను. ఆ ప్రయత్నపు గుణదోషముల చర్చ ఇచ్చట అప్రస్తుతము. వైద్యుడు నేర్చు భాష ఏదైనను, రోగి ఒప్పుకొను భాష రోగిదే కావలెను. తెలుగుశాఖలు అంగీకార పత్రములను పరిశీలించి, పల్లెజనుల చేత చదివించి, అర్థమైనదో లేదో అడిగి సవరించు పనిని చేపట్టవలెను. నైతిక సంఘములలో సామాన్యుని స్థానమున భాషాధ్యాపకుడు కూర్చుండుట సముచితము.

కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండిన స్థలమున వేయి పడకల ప్రభుత్వ వైద్యసంస్థకు 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగెను. మార్కెట్టు బాటసింగారమునకు తరలెను. అంతటి ఆసుపత్రి గల చోటికి రోగులతో పాటు పరిశోధనయు వచ్చును, రావలెను కూడ. పరిశోధన లేని వైద్యము నిన్నటి మందునే నేటికిని ఇచ్చుచుండును. మేము కోరునది పరిశోధన ఆగవలెనని కాదు. క్లోరోఫారము విచారణ వలె తొందరపడి తేల్చకుండవలెను. నల్లగొండ వలె తెలిసిన తరువాత దశాబ్దములు జాగు చేయకుండవలెను. ఖమ్మము వలె సంతకమును వేరొకరి చేత పెట్టింపకుండవలెను. మార్కెట్టులో పండు కొనువాడు వెల అడిగి, బేరమాడి, చేతితో నొక్కి చూచి కొనును. అదే స్థలమున రేపు తన దేహమును పరీక్షకు ఇచ్చువానికి వెల తెలుపకుండుట ధర్మము కాదు. ఫలము ఎవరికి దక్కునో, మూల్యము ఎవరు చెల్లింతురో ముందుగ అతని మాటలో చెప్పి, 'వద్దు' అనుటకు చోటిచ్చిన తరువాత అతడు పెట్టు వేలిముద్రయే నిజమైన అంగీకారము.